మా అవ్వ చెంబులో ఎవరి బియ్యం?

మా అవ్వ దేవకమ్మకు ఇచ్చేయడం అంటే దురద లాంటిది. చేతిలో ఉన్నది ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఆమెకు నిలకడ ఉండదు. ఒక ఏడు పెరటాసిలో, అంటే తిరుపతి వెంకన్నకు మొక్కులు తీర్చుకునే తమిళ నెలలో, వట్టికాళ్ళతో తిరుమల కొండకు నడిచిపోతున్న ఒక ముసలాయనను చూసి మనసు కరిగిపోయి, మా నాయన కొత్తగా కొన్న తోలు చెప్పులు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయనేమో చెప్పులు వేసుకోనని మొక్కుకుని బయలుదేరిన మనిషి. అవ్వ మాట కాదనలేకపోయాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా చూశాను, చెప్పులు చంకలోనే ఉన్నాయి. మా నాయన ఆ రోజు బాత్రూం స్లిప్పర్లతో చిత్తూరుకు పోయాడు.

మాది బంగారుపాళ్యం దగ్గర, హైవేను ఆనుకున్న పల్లె. పెరటాసి వచ్చిందంటే పలమనేరు వైపు నుంచి, గుడియాత్తం వైపు నుంచి పసుపు గుడ్డలు కట్టుకున్న జనం గుంపులు గుంపులుగా గోవింద చెప్పుకుంటూ మా ఊరి మీదుగా తిరుపతికి నడిచిపోతారు. మూడో శనివారం వాళ్ళకు రోడ్డు పక్కన అన్నం పెట్టడం అవ్వ పని. ఇంకెవరికీ అప్పజెప్పదు.

దానికో కథ ఉంది. మా నాయన గిరిప్రసాద్ కడుపులో ఉన్నప్పుడు, నిండు నెలల్లో కూడా అవ్వ తోటలో కూలికి పోయింది. తిరిగి వస్తుంటే నొప్పులు పట్టి రోడ్డు మీద కూలబడింది. మా తాత తిరుమలయ్య ఊళ్ళో లేడు. నడిచిపోతున్న పసుపు గుడ్డలవాళ్ళే ఆమెను దుప్పట్లో వేసుకుని బంగారుపాళ్యం ఆసుపత్రి దాకా మోసుకుపోయారు. బిడ్డ ఏడుపు విని, పేరు కూడా చెప్పకుండా కొండదారి పట్టారు. మరుసటి ఏడు వాళ్ళు మళ్ళీ వస్తారేమో, వస్తే అన్నం పెడదామని అవ్వ ఆశ. ఇంట్లో గింజ లేదు. చెంబుకు నామం పెట్టి, చంటిబిడ్డను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెరటాసి శనివారం నామం పెట్టిన చెంబు గడప ముందుకొచ్చి ‘గోవిందా’ అంటే మా వైపు ఎవరూ లేదనరు. ఆ బియ్యంతోనే దేవుడికి తళిగ వేసింది, అంటే ఆకు పరిచి నైవేద్యం పెట్టింది. మిగిలిందంతా రోడ్డు మీద పంచింది.

మోసినవాళ్ళు వచ్చారో లేదో ఆమెకు తెలియదు. చీకట్లో చూసిన ముఖాలు. అందుకని అప్పటినుంచి అందరికీ పెడుతూ వచ్చింది. తర్వాత మాకు నేల వచ్చింది, మిద్దె వచ్చింది, అయినా అడుక్కునే పద్ధతి మాత్రం మానలేదు. మొదటి పిడికెడు సొంత గడపలో కొడుకు చేత్తో పడాలి. తర్వాత ఏ ఇల్లూ దాటకూడదు. ఏది వేసినా వద్దనకూడదు. అలా వచ్చిన బియ్యం చూడాలి! ఒకరిది రేషన్ స్టోరు బియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, ఇంకొకరిది నూకలు. అన్నీ కలిపి వండితే కొంత ముద్దవుతుంది, కొంత పలుకు మిగులుతుంది. పులుసు కలిపిన ఆ అన్నం నమలాలంటే నడకకు పట్టినంత ఓపిక కావాలి. అవ్వ మాత్రం అమృతం అంటుంది.

ఇక మా నాయన సంగతి. హైవే పక్కన ఆయనకు మామిడికాయల ర్యాంపు ఉంది. ర్యాంపు అంటే ఏమీ లేదు, రేకుల షెడ్డు, పెద్ద కాటా. రైతులు తెచ్చిన తోతాపురి కాయలు తూచి కొని, గుజ్జు ఫ్యాక్టరీకి పంపే చోటు. ఇంటర్ తప్పినప్పటినుంచి కాటా దగ్గర కూర్చునేది నేనే.

ఈ ఎండాకాలం కాపు విరగకాసింది. అదే కొంప ముంచింది. పోయినేటి గుజ్జే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీవాళ్ళు గేటు మూసి, టోకెన్ ఉన్న బండ్లనే లోపలికి వదిలారు. ట్రాక్టర్లు హైవే పొడుగునా నిలబడ్డాయి. కాయ కమిలి నీరు కారుతోంది, ఈగలు, కుళ్ళిన తీపి వాసన. టోకెన్లు మాత్రం మా ర్యాంపుకు వచ్చేవి, ఎందుకంటే గేటు దగ్గరి మేనేజరు నాయనకు దోస్తు. ఎండలో నిలబడలేని రైతు మా దగ్గరకు వచ్చి, నాయన చెప్పిన ధరకు కాయ వదిలేసేవాడు. అదే కాయ మా టోకెన్‌తో గేటు దాటి ఫ్యాక్టరీ ధరకు పోయేది. ఇది దొంగతనం కాదు. కాటాలో మోసం లేదు, ఆ అంకెలు చదివింది నేనే కాబట్టి నాకు తెలుసు. అందరూ ఒప్పుకునే ఇచ్చారు. అయినా ఆ నెల రోజులూ రైతులెవరూ నా ముఖం చూసి మాట్లాడలేదు.

అవ్వకు ఇదంతా తెలియదు. ట్రాక్టర్ల కింద నీడలో కూర్చున్నవాళ్ళకు మజ్జిగ పంచుతూ తిరిగేది. మా పక్కింటి ఓబయ్య అవ్వను అక్కా అని పిలుస్తాడు. ఒక రోజు ఆయన కసి కొద్దీ ట్రాక్టర్ తొట్టి తెరిచి సగం కాయలు రోడ్డు పక్కన పారబోస్తున్నాడు.

“ఏందిరా ఓబయ్యా, పండించిందాన్ని మట్టిపాలు చేస్తా ఉండావు?” అంది అవ్వ.

“ఏం జెయ్యాలక్కా? లోపలికి పోవాలంటే టోకెన్ కావాలంట.”

“అంతేనా? అది యాడ దొరుకుతాదో చెప్పు, మా గిరితో చెప్పి తెప్పిస్తా.”

బండ్ల వరుసంతా పగలబడి నవ్వింది. ఓబయ్య ఒక్కడే నవ్వలేదు, టోకెన్లన్నీ గిరి చేతిలోనే ఉన్నాయని చెప్పాడు. చెంబులో మిగిలిన మజ్జిగ నేలమీద పెట్టి, అవ్వ ఇంటికి వచ్చేసింది.

ఆ రోజునుంచి ర్యాంపు డబ్బుతో వచ్చిన తిండి ముట్టనంది. తన పింఛనుతో బియ్యం తెప్పించుకుని పెరట్లో వేరే పొయ్యి పెట్టింది. నాకు మంచి కాలక్షేపం దొరికింది.

“అవ్వా, ఆ కట్టెలు మన తోటలోవి గదా? తోట నాయనది గదా?”

అవ్వ కట్టెలు పక్కన పడేసి కంపచెట్ల పుల్లలు ఏరుకొచ్చింది.

“నీళ్ళో? బోరు మోటారు పోయినేడే మార్పించినాడు.”

బిందె తీసుకుని ఊరి కొళాయికి పోయింది. తిరిగొచ్చాక, “నువ్వు పండుకునే మిద్దె?” అన్నాను. పుల్ల తీసుకుని నా వెంటపడింది గానీ మధ్యలో ఆగిపోయి, నిజంగానే అడిగింది. “ఏమే ధరణీ, యాడిదాకా వదిలేయాల? నీకేమన్నా తెలుస్తా ఉండాదా?”

నాకూ తెలియలేదు. ఏడిపించడం మానేశాను, ఆ పూటకు.

వినాయక చవితి ముందు అవ్వ నాయుడుపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయి కొన్నాళ్ళు ఉండి వచ్చింది. వచ్చేసరికి నాయన ఒక ఏర్పాటు చేసి పెట్టాడు. ఈసారి మూడో శనివారం హైవే పక్కన షామియానా, చిత్తూరు నుంచి వంటవాళ్ళు, వడ, పాయసం. ఫ్లెక్సీ కూడా వేయించాడు. దానిమీద అవ్వ ఫోటో నాకంటే పొడుగు, కింద ‘దేవకమ్మ గారి అన్నదానం’. ఫోటోషాపువాడు ఆమెకు పెదవులకు రంగు వేశాడు. అవ్వ ఆ బొమ్మను చాలాసేపు చూసి, “ఎవురీమె?” అంది.

“నువ్వేమ్మా. అంతా నీకోసమే.”

“నా కోసం వద్దు. ఆ డబ్బు శనివారం అన్నంలో కలవకూడదు.”

నాయన కుర్చీలోంచి లేచాడు. “నేనేమన్నా గంధం దుంగలు కొట్టించినానా? సారా కాసినానా? ఆ ధరకు నేను కొనకపోతే మొత్తం పారబోసుకోవాల్సిందే గదా? నీ ఓబయ్యనే అడుగు!”

“ఆ టోకెన్ వాడికే ఇచ్చింటే?”

“ఊరందరికీ ఇచ్చే కాడికి నేనెందుకు ర్యాంపు పెట్టుకోనుండేది? నా లారీలు, నా కూలోళ్ళు?” నాయన గొంతు తగ్గింది. “అప్పుడు ఇంట్లో లేక అడుక్కున్నావు. ఇప్పుడు ఉండాది. ఉండేది పెడతానంటే తప్పా?”

“తప్పని నేనన్నానా?”

“మరి?”

“తెలీదురా. గొంతు దిగదు అంతే.”

మా అమ్మ మునిలక్ష్మి ఇద్దరి మధ్యా కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. “ఎవురో ఒకరు తాగండి, చల్లారిపోతా ఉండాది,” అంది. ఎవరూ తాగలేదు. రెండూ నేనే తాగాను.

చివరకు తేలింది ఏమిటంటే, నాయన షామియానా నాయనదే, అవ్వ పొయ్యి అవ్వదే. ఒకే ఇంటినుంచి రోడ్డుకు ఇటొక అన్నదానం, అటొక అన్నదానం. ఊళ్ళో నవ్వుకున్నారు.

పెరటాసి రెండో శనివారం, బియ్యం అడుక్కొచ్చే రోజు, అవ్వ చెంబుకు నామం పెట్టింది. గోనెసంచి మోయడానికి నేను. నాయన తలస్నానం చేసి, గడపలో దోసెడు బియ్యంతో నిలబడి ఉన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచి ఏ ఏడూ ఆయన పిడికెడు తప్పలేదు. చిన్నప్పుడు అవ్వ చెయ్యి పట్టుకుని ఈ వీధుల్లో గంట వాయించినవాడు. అవ్వ ఆయన ముఖంలోకి చూడకుండా పక్కనుంచి దిగి ఓబయ్య గడపకు పోయి గోవిందా అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. నాయన దోసిలి అలాగే ఉంది. ఆ బియ్యం ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, చొక్కా జేబులో పోసుకున్నాడు.

ఊరంతా తిరిగాం. ఎవరూ లేదనలేదు. ఎప్పటికంటే ఎక్కువే వేశారు. సాయంత్రం అమ్మ ఆ బియ్యం చేటలో పోసి ఏరడానికి కూర్చుని, “అత్తా, ఒకసారి ఇటు సూడు,” అంది.

బియ్యమంతా ఒకటే రకం. సన్నగా, తెల్లగా, ఒక్క నూక లేదు, ఒక్క రాయి లేదు.

“ఇదేంది, అంగట్లో కొన్నట్టుండాది?” అని అవ్వ చేట ఎత్తుకుని నేరుగా ఓబయ్య ఇంటికి పోయింది. వెనకే నేను.

ఓబయ్య దాచలేదు. “నువ్వు నాయుడుపేటలో ఉన్నప్పుడు చిత్తూరునుంచి వ్యాను వచ్చిందక్కా. ర్యాంపులో కాయ దించినోళ్ళందరికీ, అంటే ఊరంతటికీ, ఇంటికో మూట. మీవాడే పంపినాడు.”

“ఎందుకు?”

“నేనడగలా. ఓట్ల కోసమో, నిద్ర పట్టకో, నాకేం తెల్సు?”

“మరి వాడి బియ్యం నా చెంబులో ఎట్లేసినావురా?”

“వాడి బియ్యమేంది? నాకిచ్చినాక నాది. నా బిడ్డలకు వండినా నాదే, నీ చెంబులో ఏసినా నాదే.”

“నువ్వెందుకు తీసుకున్యావు?”

అప్పుడు ఓబయ్యకు కోపం వచ్చింది. “నీకు రోషముండాది, పెరట్లో వేరే పొయ్యి పెట్టుకున్యావు. బాగుండాది. నాకూ రోషముంటే మా ఇంట్లో పొయ్యి ఎవురు ముట్టిస్తారు? కాయా పోయి, బియ్యమూ తిప్పి పంపిచ్చి నేనేం తినాల? తీసుకున్యానని నన్ను దొంగను సూసినట్టు సూస్తా ఉండావే!”

అవ్వ చేట ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ అరుగు మీద కూర్చుండిపోయింది. ఇంటికొచ్చాక నేను నాయనను అడిగాను, ఎందుకిచ్చావని. “ఇయ్యాలనిపించింది. ఎందుకో నాకే తెలిస్తే చెప్పనా?” అని కసిరాడు.

ఆ వారమంతా అవ్వ ఎవరు కనబడితే వాళ్ళను అడిగింది. భిక్ష వేసిన బియ్యం తిప్పి ఇవ్వకూడదు, పారబోయకూడదు. వండితే కొడుకు డబ్బు అన్నంలో కలిసినట్టే. వండకపోతే వేసినవాళ్ళను అవమానించినట్టు. అమ్మ వండమంది. ఆవులకు పెట్టమన్నారు ఒకరు. సగం వండు, సగం వద్దు అని నేను సలహా ఇచ్చాను, అందుకు ఒక మొట్టికాయ తిన్నాను. శుక్రవారం సాయంత్రం దాకా సంచి మూతి కట్టే ఉంది. మొదలుపెట్టిన ఏటినుంచి ఒక్క మూడో శనివారం కూడా పొయ్యి వెలగకుండా పోలేదు. ఈసారి పోయేటట్టు ఉందని ఇంట్లో అందరికీ అర్థమైంది, ఎవరూ పైకి అనలేదు.

శనివారం తెల్లవారింది. నాయన అప్పటికే హైవే మీద వంటవాళ్ళ దగ్గర ఉన్నాడు. అవ్వ తలస్నానం చేసి, నామం పెట్టిన చెంబు పట్టుకుని వీధిలోకి దిగి, వెనక్కి తిరిగి మా ఇంటి గడపకే ఎదురుగా నిలబడింది.

“గోవిందా!”

అమ్మ పరుగున బియ్యం తెచ్చింది. అవ్వ చెంబు వెనక్కి లాక్కుంది. “నువ్వు కాదు మునిలక్ష్మీ. వాడు.”

నేను స్కూటీ మీద పోయి నాయనను పట్టుకొచ్చాను. చేతులనిండా కరివేపాకు వాసన, ముఖం నిండా మంట. గడపలో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“మా ఇంట్లో పాపం బియ్యమే ఉండాయి. ముందరింటికి పో.”

“గోవిందా,” అంది అవ్వ.

“నా బియ్యం మంచివో చెడ్డవో చెప్పు, ఏస్తా.”

అవ్వ చాలాసేపు ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, కొడుకును మెత్తబరచడానికి కాదు. “తెలీదురా గిరీ. వారం నుంచి అడగతానే ఉండా, ఒకరన్నా తెగేసి చెప్పల్యా. ఆ పొద్దు నీ చెయ్యి దాటిపోయినాను, అది మాత్రం తప్పని తెలిసింది. ఏస్తే ఏయి. వచ్చి నాతో నడువు.”

“యాడికి?”

“ఓబయ్య ఇంటికి. చెంబు నువ్వే పట్టుకో.”

నాయన పిడికెడు బియ్యం వేశాడు. తర్వాత చెంబు చేతికి వచ్చేసరికి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పాడు. తెల్ల చొక్కా, చేతికి బంగారు కడియం, చేతిలో చెంబు. నాకు నవ్వాగలేదు. అవ్వ చూసిన చూపుకు ఆగింది.

ఓబయ్య గడప ముందు నాయన చెంబు ముందుకు చాపాడు. రెండుసార్లు దగ్గి, గోవిందా అన్నాడు. ఓబయ్య బయటికొచ్చాడు. చూశాడు. లోపలికి పోయి పిడికెడు బియ్యం తెచ్చి చెంబు మీద పట్టుకున్నాడు. పిడికిలి మాత్రం విప్పలేదు.

“అల్లుడా, వచ్చే కాపుకు టోకెన్ నా పేరు మీద ఇప్పిస్తావా?”

నాయన నోరు తెరిచాడు. వీధిలో పేడ ఎత్తుతున్న ఆడవాళ్ళు గంపలు దించారు.

“సూస్తాలే మామా.”

“నామం చెంబు పట్టుకోని సూస్తా అంటావా? ఇప్పిస్తావా, ల్యా?”

“ఒరే ఓబయ్యా!” అని అవ్వ అరిచింది. “భిక్ష కాడ బేరమేందిరా? పాపం తగల్దా?”

“కాయకు బేరమాడనీలేదు గదక్కా మీవాడు. బియ్యానికన్నా ఆడనీ.”

అవ్వ కొడుకు వైపు చూసింది, ఓబయ్య వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. ఓబయ్య పిడికిలి చెంబు మీద అలాగే ఉంది, సందుల్లోంచి ఒకటీ అరా గింజ జారుతోంది.

“ఇప్పిస్తా,” అన్నాడు నాయన, నేలను చూస్తూ.

పిడికిలి విప్పుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఏ ఇల్లూ దాటకూడదు కదా! మాట మాకంటే ముందు పోయింది. రెండో ఇంట్లో టోకెన్ అడిగారు. మూడో ఇంట్లో ఆమె, కాయ ఎండలో నిలబడి కమిలినా తూకంలో తరుగు కోయకూడదని అడిగింది. మునెయ్య అనే ఆయన ఏమీ అడగలేదు, రెండు చేతుల నిండా బియ్యం వేసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. నాయన అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఒక ముసలామె మా మామిడికి సంబంధమే లేని బోరు సంగతి తెచ్చింది, దానికీ సరేనన్నాడు. ఏది ఒప్పుకున్నాడో, ఏది ఊరికే తలూపాడో ఆయనకే గుర్తుండదని నా అనుమానం. అవ్వ మాత్రం ప్రతి గడప దగ్గరా, “ఇది భిక్షేనా, సంతనా?” అని గొణుగుతూనే వెనకాల నడిచింది.

హైవేకు చేరేసరికి పొద్దెక్కింది. మొదటి గుంపు అప్పుడే వచ్చి రోడ్డు పక్కన కూలబడింది. అవ్వ పొయ్యి ఇంకా ముట్టించనే లేదు. నాయన చెంబును, వీధుల్లో నేను మోసుకొచ్చిన సంచిని, దారిలో ఇంటినుంచి ఎత్తుకొచ్చిన, ఆ వారమంతా మూతి కట్టి ఉన్న సంచిని షామియానాలో దించి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. చిత్తూరు వంటమనిషికి మా ఇంటి గొడవలు ఏం తెలుసు? అన్నం చాలదేమోనని చూస్తున్నవాడు, ఓనరు తెచ్చాడు గదా అని మొత్తం కడిగి, తన పెద్ద అండాలో ఎసట్లో పోసేశాడు. అవ్వ వచ్చి చూసేసరికి అన్నీ కలిసి ఉడుకుతున్నాయి, కొన్న బియ్యం, భిక్ష బియ్యం, వారం నాటివి, పొద్దుటివి.

అవ్వ అండా అంచున నిలబడి ఆవిరిలోకి చూస్తూ ఉండిపోయింది. గరిటె తీసి ఒకసారి తిప్పింది, వేరు చేయవచ్చేమో అన్నట్టు. నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. వంటవాణ్ణి తిట్టబోయాడు, అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“వాడికేం తెల్సురా,” అంది. “మనకు తెలిసేడ్చిందా?”

వడ్డన మొదలైంది. ఓబయ్య విస్తరాకులు పరుస్తున్నాడు, పిలవకుండానే వచ్చాడు. నీళ్ళు నేను. అన్నం అవ్వ. వరుసలో ఒక తమిళామె, పాదాలకు గుడ్డపీలికలు చుట్టుకున్నది, ఆకు ముందు చేతులు జోడించి ఆగింది. నడిచేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తినేముందు అన్నం పెట్టినవాళ్ళ పేరు చెప్పి గోవింద కొడతారు.

“ఇది ఎవురి సాపాడమ్మా?” అని అడిగింది.

ఫ్లెక్సీ ఆమె వెనకే ఉంది, తమిళామెకు తెలుగు చదవడం రాదు. అవ్వ గరిటె గాల్లోనే ఆగింది. నాయన వైపు చూసింది. ఆయన పాయసం బకెట్టు పట్టుకుని, జవాబు తనకూ కావాలన్నట్టు నిలబడి ఉన్నాడు. ఓబయ్య ఆకుల కట్ట విప్పడం ఆపాడు.

“తెలీదు తల్లీ,” అంది అవ్వ. “ఆకలిమీద ఉండావు, తిను.”

తమిళామె కాసేపు తికమకపడింది. పక్కనున్నవాళ్ళతో ఏదో గుసగుసలాడింది. తర్వాత ఎవరి పేరూ లేకుండానే గోవిందా అంది. వరుసంతా అందుకుంది. నాయన పాయసం వడ్డించబోతే అవ్వ గదమాయించింది, ముందు అన్నం తిననీరా అని.